బాణం నంబరు 8594

"ఇక మీదట ఈ ప్రాంతంలో ఏ అర్జీ కూడా దారి తప్పదు" అని 2002 జూలైలో సుబ్బరాయుడుగారు ప్రకటించారు. పుంగనూరులో కొత్తగా తెరిచిన సత్వర కరెంటు కేంద్రానికి ఆయనే అధికారి. ప్రతి అర్జీ మీదా కంప్యూటర్లో బాణాలు కొట్టించడం ఆయన సొంత ఆలోచన.

పుంగనూరు → మదనపల్లె → కుప్పం.

ఇక్కడ నమోదు, మదనపల్లెలో మంజూరు, కుప్పం స్టోరులో సామాను. ఇంత తేటయిన పరిపాలన నేనెక్కడా చూడలేదు. నా భార్య పోయాక పగలు ఇంట్లో గడియారం చప్పుడు మరీ ఎక్కువైంది. అందుకని ఆ ఆఫీసు వరండాలో కూర్చుని, చదువురాని వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. ఎవరో ఒకరు టీ ఇప్పించేవారు.

సోమల దగ్గర్నుంచి మునెమ్మ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి బోరు ఆగిపోయింది.

"చెనక్కాయ ఊడలు దిగే టయిమప్పా. పది దినాల్లో నీళ్లు కట్టకపోతే చేను గొర్రెలకు ఇడవాల్సిందే. బిన్నా రాయి."

రాశాను. ఆపరేటరు మంజు దాన్ని కంప్యూటర్లో కొట్టి, ఫ్లాపీని మదనపల్లె బస్సులో పంపింది. నాలుగో రోజే జవాబు: "ట్రాన్స్‌ఫార్మర్ అందజేయడమైనది." సుబ్బరాయుడుగారు లడ్డూలు పంచారు. నాకు రెండు వచ్చాయి.

మునెమ్మ లడ్డూ చేతిలోనే పట్టుకుని లోపలికి వెళ్లింది.

"యాడ ఇచ్చినారు సారూ? మా స్తంభం బోడిగా ఉండాది."

"కాగితంలో స్పష్టంగా ఉందమ్మా. మళ్లీ ఒకసారి చూసుకో."

"కాగితాన్ని చేన్లో నాటితే నీళ్లొస్తాయా సారూ?"

ఆయన మదనపల్లె గుమాస్తా రెడ్డెప్పకు ఫోన్ చేసి, స్పీకరు నొక్కారు.

"మీ ఫ్లాపీని అచ్చు తీస్తే ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ గడి ఉండాది సార్" అన్నాడు రెడ్డెప్ప. "ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. గడిని ఖాళీగా ఇడిస్తే ఆడిటోళ్లు ఊరుకుంటారా? రెండిట్లోనూ టిక్కు పెట్టినా. రెండు టిక్కులుండాయి గదా, సామాను పోయినట్టేనని కుప్పమోళ్లు ఫైలు మూసేసినారు."

మంజు మెల్లగా చెప్పింది. "బాణానికి కంప్యూటర్లో ఒక నంబరుంటాది సార్, 8594. మనం పంపేది ఆ నంబరే. మదనపల్లె మిషన్లో దానికి బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే ఖాళీ గడి చూపిస్తాది."

"అయితే పొరపాటని రాసి, ఫైలు తెరిపిద్దాం" అన్నాన్నేను.

అంతలో హైదరాబాదు నుంచి ఫ్యాక్స్ వచ్చింది. రాష్ట్రంలో నాలుగు రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చిన ఏకైక కేంద్రాన్ని శుక్రవారం ఒక పెద్ద అధికారి స్వయంగా చూడబోతున్నారు. అది చదివి సుబ్బరాయుడుగారు కళ్లు మూసుకున్నారు. తెరిచాక కిటికీలోంచి ఆఫీసు పెరట్లోని కరెంటు స్తంభం కేసి చూశారు.

అంత చురుకైన నిర్ణయం నేను మళ్లీ చూడలేదు. గురువారం పొద్దున ఆ పెరట్లోకి ట్రాక్టరు వచ్చింది. సాయంత్రానికి మునెమ్మ స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది.

శుక్రవారం పెద్దాయన చేను చూశారు. సాళ్లలో నీళ్లు పారుతున్నాయి. మునెమ్మ ఆయన బూట్లను ఓరగా చూసి, "గట్టు మీద నడువు సామీ, బురదుండాది" అని చెయ్యి పట్టి నడిపించింది.

అక్కణ్నుంచి ఆఫీసుకు వచ్చారు.

"ఏదీ, ఆ కంప్యూటరు ఆన్ చేసి చూపించండి."

"పెండింగు అర్జీలు ఒక్కటీ లేవు సార్" అన్నారు సుబ్బరాయుడుగారు, "అందుకే ఆపేశాం."

పెద్దాయన ఎంతో సంతోషించి, ఇదే పద్ధతిని జిల్లా అంతటా పెట్టాలని రిజిస్టరులో రాశారు. అక్షరాలు కనబడటానికి మంజు కిటికీ తలుపులు బార్లా తీసింది. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, ఇంత ప్రశాంతమైన ఆఫీసు తన సర్వీసులో చూడలేదన్నారు.