పైడమ్మ నొక్కని మీట

చోడిపేట పింఛను కార్యాలయంలో కొత్తగా ఎక్కించిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సోమవారం పదిన్నరకు తెరలోంచి కిందికి దిగి, చొక్కా సర్దుకుని, తనతో జనానికి వచ్చిన ఇబ్బందులేమిటో కనుక్కుందామని కౌంటరు ముందుకు వచ్చింది. గుమాస్తా సన్యాసిరావు అభ్యంతరం చెప్పలేదు. హాజరుపట్టీలో దానికి గడి లేదని మాత్రం చెప్పి, స్కేలు పెట్టి ఒకటి గీశాడు.

వరసలో మొదట ఉన్నది పైడమ్మ. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. బతికే ఉన్నానని ఆ సాయంత్రం ఐదు లోపల కంప్యూటర్లో చెప్పకపోతే నిబంధనల ప్రకారం చనిపోయినట్టే. మూడు రోజులుగా వస్తోంది, వేలిముద్ర వేస్తోంది, చివరి మీట దగ్గర ఆగిపోతోంది. ఆమె వెనక నలభైమందీ ఆగిపోతున్నారు.

"ఎందుకు నొక్కడం లేదమ్మా?" సిస్టమ్ మర్యాదగా అడిగింది.

"బతికున్నానని రాసి, కింద 'ముగించు' అని ఎట్టినారు. నా సేత్తో నన్నే ముగించీమంటారేటి బాబూ?"

వరసంతా అవునవునంది. దీపాన్ని ఆర్పమనకుండా కొండెక్కించమనే ఇళ్ళు వాళ్ళవి. సిస్టమ్‌ను తయారుచేసినవాళ్ళు ఎంత చదువుకున్నారో గానీ, పాపం, ఈ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

"మరేం ఉండాలమ్మా?"

"ఎల్లొస్తానని ఉండాల."

సిస్టమ్ చొక్కా గుండీలు విప్పింది. లోపల రాసి ఉన్నదంతా అందరికీ కనిపించింది. "దాపరికం లేదు, ఎవరైనా దిద్దొచ్చు" అంటూ పాతమాటను రబ్బరుతో చెరిపి, పెన్సిలు పైడమ్మకే ఇచ్చింది. ఆమె నాలుక కొన పంటికింద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. తర్వాత ఒక రిటైర్డు కండక్టరు అక్షరాలను బస్సు బోర్డంత చేశాడు. చెయ్యి వణికే మాస్టారొకాయన తెర మీది బాణాన్ని కాస్త నెమ్మదిగా నడవమన్నాడు. కార్యాలయం పెళ్ళివారిల్లులా ఉంది.

మూడున్నరకు పైడమ్మ 'వెళ్ళొస్తాను' నొక్కింది. బతికే ఉందని కాగితం వచ్చింది. సంతోషం పట్టలేక దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది.

అందరి చేతులూ తిరిగొచ్చిన పెన్సిలు మళ్ళీ ఆమె చేతిలో ఉంది. సన్యాసిరావు వైపు చూసింది.

"పన్లో పని, ఈ బాబుని కూడా కూసింత దిద్దీనా?"

సన్యాసిరావు నొచ్చుకోలేదు. "నా గుండీలు విప్పడానికి అనుమతి లేదమ్మా. లోపలేం రాసుందో ఇరవయ్యేళ్ళుగా నేనూ చూసుకోలేదు."

అందరికీ అది సబబుగానే తోచింది. ఐదు లోపల వరసగా అదే మీట నొక్కి, వెళ్ళొస్తామని చెప్పి, వచ్చే ఏడాదికి ఏమేం జిరాక్సులు తేవాలో ఆయన్నే అడిగి రాసుకున్నారు.