తెగువకు సాక్షి

ఒక పెద్ద అడవిలో ఆ వేసవికి ఒక్కటే చెలమ మిగిలింది. నీళ్లు తక్కువ, నోళ్లు ఎక్కువ. అందుకని అడవి సంఘం ఒక తీర్మానం చేసింది: సంఘం పుస్తకంలో ఎవరి పేరు పక్కన ‘తెగువ’ అని రాసి ఉంటే వాళ్లు ముందు తాగాలి.

విచిత్రం చూడండి, పుస్తకం తెరిచేసరికే అధ్యక్షుడు నక్క భూషణంగారి పేరు పక్కన ఆ మాట ఉంది. గుమాస్తా కుందేలు పక్కనా ఉంది. వాళ్ల బావమరుదులందరికీ ఉంది. మిగతావాళ్ల వంతు వచ్చేసరికి బురదే.

ముళ్లపంది గవరమ్మ మనవరాలికి నాలుగు రోజులుగా ఆ బురదే దిక్కు. పిల్ల నాలుక పిడచగట్టుకుపోయింది, కళ్లు తేలేస్తోంది. గవరమ్మ సంఘం ఆఫీసుకి వెళ్లింది.

“మొన్న చిరుతపులి నా మనవరాలి మీదికొస్తే, ముళ్లు విప్పుకుని అడ్డంగా నిలబడ్డాను నాయనా. దాన్ని తెగువ అనరా?”

“అనొచ్చు, అనకపోవచ్చు. సాక్షి ఎవరు?” అన్నాడు నక్క.

“నేనూ, పిల్లా, చిరుతా.”

“నువ్వు అర్జీదారువి. పిల్ల మైనరు. చిరుత పంజా ముద్ర వేయించుకురా.”

“మూడు కాగితాల మీద!” అని కుందేలు కిసుక్కున నవ్వింది.

“మరి మీ తెగువకి సాక్షి ఎవరు బాబూ?”

“నాకు కుందేలు, కుందేలుకి నేను.”

ఇదంతా వెక్కిరింపని గవరమ్మకి తోచనే లేదు. ఆఫీసన్నాక పద్ధతులుంటాయి కాబోలు అనుకుని, తిన్నగా చిరుత గుహకి నడిచింది.

“అయ్యా, మొన్న తమరి ముక్కులో దిగిన ముల్లు నాదే. సంఘం ఆఫీసులో తమరి సాక్ష్యం కావాలన్నారు. ఇదుగో, ఇక్కడ కాస్త ముద్ర వెయ్యాలి.”

చిరుత ముక్కు తడుముకుని రెండడుగులు వెనక్కి జరిగింది. “ఎంత పొగరే నీకు! ఇంతకీ ఆ ఆఫీసులో ఎవరెవరుంటారు?”

“నక్కగారు, కుందేలు, వాళ్ల బావమరుదులు. అందరూ నీళ్లు తాగి పుష్టిగా ఉన్నారు.”

“అలాగా!” చిరుత గొంతులోకి ఎక్కడలేని మర్యాదా వచ్చింది. “కాగితమెందుకమ్మా, నేనే వస్తాను. సాక్షి అన్నాక హాజరు కావద్దూ?”

చిరుత గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, భూషణంగారు కిటికీలోంచి దూకారు. కుందేలు బల్ల కిందనుంచి, బావమరుదులు ఒకరి మీంచి ఒకరు.

“సాక్ష్యం సరిపోయింది! సరిపోయిందమ్మా!” అని అరుస్తూనే నక్క కొండ దాటాడు. వెనకే చిరుత.

చెలమ దగ్గర ఒక్కరూ లేరు. మనవరాలు కడుపునిండా తాగి, బామ్మ మీద నీళ్లు చల్లింది కూడా.

చూశారా, తెగువ చూపించడానికి పెద్ద తెగువేమీ అక్కర్లేదు గానీ, దానికి రుజువు అడగాలంటేనే బోలెడంత కావాలి.