పదహారో భాగంలో జయరావు

ఆ సోమవారం పొద్దున కరీమున్ వేసుకున్న పథకం చిన్నదే. కొరియా సీరియల్ పన్నెండో భాగంలో సగం నిన్ననే చూసింది. మిగతా సగం పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఫోన్లో చూసేసి, ఏడింటికి ఆటో ఎక్కాలి. అన్నం కాస్త అడుగంటింది గానీ భాగం మాత్రం పూర్తయింది. ఇంట్లోవాళ్లు మాడు వాసన గురించి ఏదో అన్నారు, ఆమె చెవిన పడలేదు.

పూర్తి కాకపోతే అక్కడ ఊరుకునేవాళ్లు లేరు. అద్దంకి నుంచి దర్శి వెళ్లే రోడ్డు మీద పానకాలు గారి మిర్చి షెడ్డులో నలభైమంది ఆడవాళ్లు కూర్చుని కాయలకు తొడిమలు తీస్తారు. ఆ పనికి చేతులు కావాలి గానీ చెవులు అక్కర్లేదు. ఆ ఖాళీ చెవుల కోసం కరీమున్ రోజుకో భాగం చొప్పున కథ చెబుతోంది. సీరియల్లో మాటలు తెలుగులోనే ఉన్నా, మనుషుల పేర్లు మాత్రం కొరియావే. మొదటిరోజే పక్కన కూర్చునే రెబ్కా చేతులెత్తేసింది.

"అక్కా, ఆ పేర్లు నాకు నోరు తిరగవు. మనోళ్ల పేర్లు పెట్టేయ్."

కరీమున్ కంటికి ఎవరు కనబడితే వాళ్ల పేరు పెట్టేసింది. అప్పుడే బస్తా మోసుకుపోతున్న కొత్త హమాలీ రంజాన్ హీరో అయ్యాడు. కంపెనీ ఛైర్మన్‌ని, షెడ్డులో పానకాలు గారిని పిలుచుకున్నట్టే, పెద్దాయన అన్నారు. ఇక విలన్ ఒక మేనేజరు. అబద్ధం ఆడబోయే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం అతని అలవాటు. అతనికి పేరు వెతకాల్సిన పనే పడలేదు. అదే అలవాటున్న షెడ్డు గుమస్తా జయరావు పేరు నలుగురైదుగురు ఒక్కసారే అందించారు.

కథలో ఆ మేనేజరు సరుకు పెట్టెల మీద చీటీలు మార్చి, నేరం హీరో తల్లి మీదకు తోస్తాడు. ఆమె పనీ పోతుంది, పేరూ పోతుంది. పదిహేనేళ్ల తర్వాత కొడుకు అదే కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వస్తాడు. మేనేజరు వానలో మోకాళ్ల మీద కూర్చుని "తప్పు నాది" అనే రోజు కోసం షెడ్డంతా ఎదురుచూస్తోంది.

అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది కరీమునే. రెండేళ్ల కిందటి దాకా ఆమె చోటు గ్రేడింగ్ బల్ల దగ్గర. ఎర్రకాయల్లోంచి రంగు తప్పిన తాలుకాయల్ని ఏరడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒకసారి మేలురకమని పంపిన లోడులో తాలు బస్తాలు బయటపడి సరుకు వెనక్కి వచ్చింది. కరీమున్‌కి కళ్లు ఆనడం లేదని జయరావు చెప్పాడు. ఆమెను తీసుకెళ్లి తొడిమల దగ్గర కూర్చోబెట్టారు. శుక్లాల ఆపరేషన్ ఎప్పుడని వీధిలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పోనుపోను ఆమెకే అనుమానం వచ్చింది. గుప్పెడు కాయలు ఇంటికి తెచ్చుకుని కిటికీ వెలుతురులో ఏరి చూసుకునేది. సరిగ్గానే ఏరానని అనిపించేది. కానీ ఆ మాట తను అనుకుంటే చాలదు, ఇంకెవరైనా అనాలి. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె కథ చెబుతుంటే బస్తాల వరస వెనక జయరావు ఉన్న సంగతి ఎవరూ చూడలేదు.

"చీటీలు మార్చింది జయరావేనని రంజాన్‌కి రుజువు దొరికింది," అంది కరీమున్. "శుక్రవారం పెద్దాయన ముందు పెట్టేస్తాడు. ఇక చూసుకోండి జయరావు పని."

"మంచి పనయింది. ఎన్నాళ్లని తప్పించుకుంటాడు," అంది రెబ్కా.

బస్తాల వెనక నిలబడ్డ మనిషి ఆ మాటలు తన గురించే అనుకున్నాడు. కరీమున్‌కి ఇది తర్వాత తెలిసింది గానీ, రెండేళ్ల కిందట హడావుడిలో తాలు బస్తాలకు మేలురకం చీటీలు కుట్టించింది నిజంగా జయరావే. అది తనకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదని నమ్ముకుని ఉన్నాడు. ఇప్పుడు హమాలీకి కూడా తెలిసిపోయిందన్నమాట.

మంగళవారం షెడ్డుకి రెండు ఫ్యాన్లు వచ్చాయి. బుధవారం నలభైమందికీ అల్లం టీ వచ్చింది. "ఎలక్షన్లు దగ్గరికొచ్చాయా ఏంటి," అని రెబ్కా రెండో గ్లాసు అడిగి తాగింది. కానీ అసలు మర్యాద జరిగింది రంజాన్‌కి. అతను బస్తా దింపగానే జయరావు పరుగున కుర్చీ తెచ్చి వేశాడు.

"కూర్చోండి రంజాన్ గారూ, అలిసిపోయుంటారు."

పుట్టి బుద్ధెరిగాక రంజాన్‌ని ఎవరూ మీరు అనలేదు. కుర్చీ అంచున ఒక్క క్షణం కూర్చుని లేచిపోయాడు. తనను పనిలోంచి తీసేయబోతున్నారని అతనికి ఖాయమైపోయింది. గురువారం పనికే రాలేదు. అతను రాలేదని తెలిశాక జయరావు అన్నం క్యారేజీ మూత కూడా తీయలేదు. నీళ్ల డ్రమ్ము దగ్గర, తొడిమలు తీసేవాళ్లలో ఒకతె అయిన మల్లేశ్వరిని ఆపి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ చీటీల సంగతి ఎందాకా వచ్చిందమ్మా?"

గుమస్తా గారు కూడా చాటుగా కథ వింటున్నారని మల్లేశ్వరి ముచ్చటపడింది.

"అయిపోయినట్టేనండీ. రంజాన్ పెద్దాయన ఇంటికెళ్లి అంతా చెప్పేశాడు. రేపు ఇద్దరూ ఒకే కార్లో దిగుతారంట. ఆ తర్వాత ఏమవుతుందో మీకు నేను చెబితే బాగోదు లెండి."

శుక్రవారం పదింటికి షెడ్డు ముందు కారు ఆగింది. ఒకవైపు నుంచి పానకాలు గారు దిగారు, రెండోవైపు నుంచి రంజాన్ దిగాడు. వాళ్లు నాలుగడుగులు వేసేలోగా జయరావే ఎదురెళ్లి చేతులు జోడించాడు.

"నేనేనండీ. చీటీలు నేనే మార్చాను. కరీమున్ ఏరింది ఏరినట్టే ఉంది. సరుకు వెనక్కొచ్చేసరికి భయమేసి ఆవిడ కళ్ల మీదకు తోశాను."

పానకాలు గారు రంజాన్ వైపు చూశారు, రంజాన్ నేల చూపులు చూశాడు.

"కుర్చీ ఎందుకేశావో అడుగుదామని వచ్చానయ్యా," అన్నారు పానకాలు గారు. "నిన్న వీడు మా ఇంటికొచ్చి, గుమస్తా గారు నన్ను మీరు అంటున్నారని ఏడ్చాడు."

పెద్దాయన కరీమున్ కూర్చున్న వైపు చూసి, "సరే. ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు," అన్నారు.

జయరావు ఆడవాళ్ల మధ్యలోంచి నడుచుకుంటూ కరీమున్ దగ్గరికి వచ్చాడు. కళ్లజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు.

"నీ కళ్లు మంచివేనమ్మా. తప్పు నాది."

ఈ రోజు కోసం రెండేళ్లుగా ఆమె ఎన్ని మాటలు కూడబెట్టుకుందో లెక్కలేదు. గిన్నెలు తోముతూ, ఆటోలో కూర్చుని, ఎన్నిసార్లు లోపల్లోపల దులిపేసిందో. ఇప్పుడు ఒక్కటీ రాలేదు. "సరేలెండి," అని ఇంకో కాయ అందుకుంది. తర్వాత కాయ పక్కన పెట్టేసి ఏడ్చింది. మిరప ఘాటు అని ఎవరికీ సర్దిచెప్పుకోలేదు.

శనివారం ఆమె గ్రేడింగ్ బల్ల దగ్గరికి మారింది. టీ వేళకు మాత్రం పాత చోటికి వచ్చి కూర్చుంది. శుక్రవారం కథకు వీలుపడలేదు. చివరిదైన పదహారో భాగం పొద్దున్నే చూసేసింది కదా, చెప్పకుండా ఎలా ఉంటుంది. ఆసరికి జయరావుకి మల్లేశ్వరి సంగతంతా విప్పి చెప్పేసింది. ఒక టీవీ సీరియల్‌కి జడిసి తను నేరం ఒప్పుకున్నానని తెలిశాక ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఉద్యోగం ఉంది గానీ తలెత్తి తిరగడం లేదు.

రంజాన్ రుజువులు బల్ల మీద పరిచేదాకా చెప్పి కరీమున్ ఆగింది.

"జయరావు ఏమయ్యాడక్కా? వానలో మోకాళ్ల మీద కూర్చున్నాడా?" అంది రెబ్కా.

బస్తాల వరస కింది సందులోంచి రెండు చెప్పుల కాళ్లు కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు. పొద్దున ఫోన్లో ఆ ఘట్టం వచ్చినప్పుడు అనుకున్నంత సంబరం కలగలేదని కరీమున్‌కి గుర్తుకొచ్చింది. తనకు కావలసిన మాట నిన్ననే దక్కింది.

"తప్పు ఒప్పుకున్నాడు," అంది. "సముద్రం పక్కన టీకొట్టు పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు రంజాన్ కూడా వెళ్లి తాగొస్తాడు."

"అంతేనా?"

"అంతే."

బస్తాల వెనక కాళ్లు మెల్లగా అవతలికి వెళ్లిపోయాయి. రెబ్కా ఇంత చప్పటి ముగింపు ఎక్కడా వినలేదని సణుగుతూ గ్లాసు కడుక్కుంది.

కొరియాలో మాత్రం అతనికి యావజ్జీవం పడింది.