సాలమన్ మాస్టారి బెండు టోపీ

శుక్రవారం పొద్దున సాలమన్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పంజాగుట్ట మైదానానికి వెళ్ళి, మర్నాటి ఆటల పోటీలకు సున్నంతో గీతలు గీసి, భోజనం వేళకు అమీర్‌పేటలో ఇల్లు చేరడం. ఆయన మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. బాపట్ల వైపు నుంచి వచ్చి పదేళ్ళయినా హైదరాబాదు ఎండకు ఆయన బట్టతల అలవాటు పడలేదు. కిందటేడు బడి ఆవరణలోనే జరిగిన పోటీల్లో “వన్, టూ” అని, “త్రీ” అనకుండానే ఎండదెబ్బకు వెల్లకిలా పడిపోయాడు. పరుగుకు వంగిన పిల్లలు, అది కూడా డ్రిల్లులో భాగమేననుకుని ఐదు నిమిషాలు అలాగే వంగి ఉన్నారు.

అందుకే ఈసారి భార్య అమృతమ్మ ముందురోజే ఆయన్ను సుల్తాన్ బజారుకు తీసుకుపోయింది. ఆయనకు ముందు మాత్రమే అంచున్న గుడ్డ టోపీ నచ్చింది. అద్దంలో వయసు తగ్గినట్టు కనిపించింది మరి.

“అది ముక్కుకు నీడండీ. చెవులకూ మెడకూ ఎవరిస్తారు?” అంది అమృతమ్మ.

రూమీ టోపీకి అసలు అంచే లేదని పక్కన పెట్టింది. గడ్డి టోపీని వెలుతురుకు ఎత్తి చూసి, “ఇందులోంచి ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతుంది” అంది. చివరికి దొరలు పెట్టుకునే, ఖాకీ గుడ్డ తొడిగిన బెండు టోపీ ఆమెకు నచ్చింది. తేలిక, పైన గాలికి రంధ్రాలు, చుట్టూ నాలుగు వేళ్ళ అంచు. మాస్టారి తలకు పట్టినది ఒక్కటే ఉంది. అదీ కనుబొమలు దాటి దిగింది.

“ఇందులో నేను కనిపించటం లేదే!” అన్నాడాయన.

“మీరు కనిపించకపోతేనే ఎండకూ కనిపించరు” అంది అమృతమ్మ.

మైదానం చుట్టుపక్కల వాళ్ళకు పోటీల సంగతి చెప్పమని బడి బంట్రోతు ఐలయ్యకు సోమవారమే పురమాయించారు. ఐలయ్య ఆ పని రోజూ రేపటికి వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ సంగతి తెలియని మాస్టారు తాడు పట్టి, కొలిచి, సున్నం చల్లుతుండగా, మైదానం అంచున గుడిసెలో ఉండే సీతాబాయి బయటికి వచ్చింది. ఆమె మనవరాలు మిషన్ బడిలోనే చదువుతున్నది. మాస్టారిని గేటు దగ్గర చాలాసార్లు దూరం నుంచి చూసింది కూడా. కాని ఆమె ఎరిగింది ఆ బట్టతలను. టోపీ కింద ఉన్నది ఎవరో పెద్ద దొర.

“ఏం చేస్తున్రు దొరా?”

“లైన్లు వేస్తున్నానమ్మా.”

“లైన్లా! ఎన్ని?”

“ఆరు. ఇక్కడ మొదలై, ఆ చింతచెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ ఇక్కడికే.”

సీతాబాయి తన గుడిసె వైపు తిరిగి చూసింది. “ఎప్పటిసంది?”

“రేపే. ఎనిమిదింటికి విజిల్ ఊదుతాను. ఊదగానే బయల్దేరడమే. అప్పుడు మనుషులు గాని, గొడ్లు గాని అడ్డం రాకూడదు సుమా. ప్రమాదం.”

“మరి నా ఇల్లు?”

“మీ ఇంటికేం? లైను ముందునుంచే పోతుంది. గుమ్మంలో కూర్చుని చూడొచ్చు!” అన్నాడు మాస్టారు ఉత్సాహంగా.

సీతాబాయి ఏడ్చుకుంటూ పొరుగింటి రుద్రమ్మ దగ్గరికి పరిగెత్తింది. “రైలు లైను పడుతున్నదటే! నా గడపల నుంచే!” రుద్రమ్మ ఆ మాట జట్కా కనకయ్యకు చెప్పింది. కనకయ్య లక్డీకాపూల్‌కు సవారీ తీసుకుపోయి, తిరిగి వచ్చేలోగా లైను పక్కన స్టేషను కూడా లేచింది.

గంటలో మైదానం నిండా జనం. ముసలి రాజనర్సయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. “దొరా, గేటుకాడ నన్ను నిలవెట్టుండ్రి. నిద్రపోను.”

గేటు దగ్గర మనిషి కావాలని మాస్టారు వారం నుంచీ వెతుకుతున్నాడు. “ఎంత మంచిమాటన్నావు! రేపు ఏడింటికల్లా రా.”

“నేను చాయ్ అమ్ముకుంట” అంది రుద్రమ్మ.

“తప్పకుండా. దూరాల నుంచి వస్తారు కదా!”

ఈ ఊరివాళ్ళకు పిల్లల ఆటలంటే ఇంత ప్రేమా అని మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

అంతలో భూముల లెక్కలు చూసే రెవెన్యూ గిర్దావరు సైకిలు మీద రొప్పుతూ దిగాడు. తనకు తెలియకుండా పెద్ద అధికారి వచ్చి భూమి కొలుస్తున్నాడని ఎవరో చెప్పారు. టోపీని చూడగానే వంగి సలాము చేశాడు. ఆయన్ను చూసిన సీతాబాయి మాస్టారి కాళ్ళు పట్టుకుంది.

“దొరా, నలభై ఏండ్లసంది గీ జాగల ఉన్న. జాగ నాదని పంచనామా రాయమని రెండేండ్లసంది గీయన ఎంబడి తిరుగుతున్న. రాస్తలేడు!”

మాస్టారు ఆమెను లేపి, గిర్దావరు వైపు తిరిగాడు. వరుస తప్పిన పిల్లలతో మాట్లాడే గొంతు తనంతట తానే వచ్చేసింది. “పెద్దామెను రెండేళ్ళు తిప్పించడం ఏమిటండీ? ఇప్పుడే కూర్చుని రాయండి!”

“తయారే ఉన్నది హుజూర్, దస్తఖతే బాకీ!” అంటూ గిర్దావరు సంచిలోంచి కాగితం తీసి, నేలమీదే కూలబడి సంతకం చేశాడు. కనకయ్యా రాజనర్సయ్యా సాక్షులుగా వేలిముద్రలు వేశారు. మొహరు పడింది. కాగితం సీతాబాయి చేతికి వచ్చింది.

అప్పుడు మాస్టారు చెమట తుడుచుకుందామని టోపీ తీశాడు.

“అరే!” అని కేక పెట్టింది సీతాబాయి. “గీయన మా పిల్ల బడి సాలమన్ సారు!”

నిజం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆరు లైన్లు పిల్లలు పరుగెత్తడానికి. జనం నోళ్ళు తెరిచారు. మాస్టారి ముఖం సున్నం కన్నా తెల్లబడింది. “క్షమించండి, నేను ఎవరినీ మోసం చేయాలని...” అంటూ ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టసాగాడు.

గిర్దావరు మాత్రం కాగితం కోసం చెయ్యి చాచాడు. “ఇటియ్యి. అది చెల్లదు.”

మాస్టారు వేళకు ఇల్లు చేరలేదని భోజనం క్యారియరుతో అప్పుడే వచ్చిన అమృతమ్మ సంగతంతా రుద్రమ్మ నోట విన్నది. నెమ్మదిగా గిర్దావరు ముందుకు నడిచింది.

“ఏంటి బాబూ, అందులో రాసింది అబద్ధమా?”

“అబద్ధం కాదు, కాని...”

“వెనక్కి తీసుకుంటే పైవాళ్ళకు కారణం రాయాలి కదా. డ్రిల్లు మాస్టారి టోపీ చూసి భయపడి సంతకం పెట్టానని రాస్తారా?”

గిర్దావరు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. సైకిలు ఎక్కి, ఎండ ఎక్కువైందంటూ వెళ్ళిపోయాడు. సీతాబాయి కాగితాన్ని రొంటిన దోపుకుని, మాస్టారి తల మీద టోపీని తానే తిరిగి పెట్టింది. “తీయకు బిడ్డా, జర ఎండున్నది.”

మర్నాడు పోటీలు ఏ ఏటా జరగనంత ఘనంగా జరిగాయి. మాస్టారు “త్రీ” కూడా అన్నాడు. పిల్లలు పరుగెత్తుతుంటే జనం గొంతులు చించుకున్నారు. రుద్రమ్మ చాయ్ పది గంటలకే అయిపోయింది. మాసబ్ ట్యాంక్ నుంచి పరుపుచుట్టలతో దిగిన ఒక కుటుంబం మాత్రం, రైలు ఎప్పుడని గేటు దగ్గర రాజనర్సయ్యను అడిగింది.

“జర లేటున్నది” అన్నాడు రాజనర్సయ్య.