కొమ్మలమిట్ట కంకర వైభవం

గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ఊళ్లకు రోడ్లు లేకపోవడం ఇకమీదట లోటు కాదు, ప్రత్యేకత. ఈ సంగతి తెలియక మనం ఇన్నేళ్లూ అర్జీలు పెట్టుకున్నాం. కంకర తేలిన దారిలో సైకిలు తొక్కడం ఒక క్రీడ అనీ, దాని పేరు గ్రావెల్ బైకింగ్ అనీ, అలాంటి దారుల కోసం పట్నాల్లో జనం అల్లాడిపోతున్నారనీ మన కళ్లు తెరిపించినవాడు మోహన్‌కృష్ణ.

మోహన్‌కృష్ణ గిద్దలూరులో ఫిజిక్స్ మాస్టారు. పుట్టింది కొమ్మలమిట్టలో. నలభై రెండో ఏట ఆయన రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు పెదవి విరిచేసరికి, భయపడి లావు టైర్ల సైకిలొకటి తెప్పించుకున్నాడు. దానికి స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, గంట కూడా లేదు. ఆయన అక్క పుల్లమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏందిరా మోహనా, ఉండేవన్నీ పీకేసుకోని నీకు అమ్మినారు? చూసుకోలేదా నువ్వు?" అంది.

పుల్లమ్మ కొమ్మలమిట్ట సర్పంచ్. ఆమె భర్త యల్లయ్య పొద్దస్తమానం గొర్రెల వెంట ఉంటాడు కాబట్టి, వేరే దారిలేక సర్పంచ్ పని సర్పంచే చేస్తోంది. ఈ విచిత్రానికి మండలాఫీసు వాళ్లు ఇంకా అలవాటు పడలేదు. ఇప్పటికీ సంతకాలకు భర్తను పంపమ్మా అంటుంటారు.

కొమ్మలమిట్ట నుంచి పెద్దరోడ్డుకు నాలుగు కిలోమీటర్లు. ఆరేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు మహానుభావుడు వచ్చి, ఉన్న మట్టిదారిని తవ్వి, దాని మీద గుప్పెడంత గుప్పెడంత కంకర పరిచి, తారు తెస్తానని వెళ్లాడు. ఇంకా తెస్తున్నాడు. ఆ దారిలో ఆటోలు రావు, పాలవ్యాను రాదు. తారు పడితే బస్సు వేస్తామని ఆర్టీసీవారు రాతపూర్వకంగా హామీ ఇచ్చారు కాబట్టి బస్సు కూడా రాదు. ప్రతి సోమవారం అర్జీల దినానికి పుల్లమ్మ వెళ్లేది. అర్జీ రాసేది కూతురు ప్రసన్న. నాలుగో తరగతిలో మొదలుపెట్టి పదో తరగతి దాకా అదే అర్జీ రాసి రాసి ఆ పిల్ల దస్తూరీ అచ్చు వేసినట్లయింది. ఆ రోడ్డు వల్ల ఊరికి కలిగిన లాభం, లెక్కగా చెప్పాలంటే, అదొక్కటే.

ఈ ఏడు ప్రసన్న పది పాసై మండలంలో మొదటి స్థానంలో వచ్చింది. కంభంలో ఇంటర్ చేరాలి. యల్లయ్య ఒక్క మాటతో తేల్చేశాడు.

"బస్సొస్తే పంపిస్తా. రాకుంటే లే. పొద్దుగూకినాంక ఆ తుమ్మల్లో నాలుగు కిలోమీటర్లు పిల్లని నడిపిచ్చేదానికి నాకేం పిచ్చా?"

జూన్ నెలాఖరు దాకా అడ్మిషన్లు. అంటే బస్సుకు గడువు రెండు నెలలు.

ఇక్కడే మేనమామ రంగప్రవేశం చేశాడు. ఒక ఆదివారం ఉదయం కొమ్మలమిట్ట దారిలో సైకిలు తొక్కి, వెన్నుపూసలన్నీ ఒకటొకటిగా పేరుపెట్టి పలకరించాక, ఆయనకు జ్ఞానోదయమైంది. ఫోటోలు తీశాడు. ఒక వైపు నల్లమల, ఒక వైపు కంది చేలు, మధ్యలో బావ గొర్రెలు. కింద ఇట్లా రాశాడు: 'ప్రకృతి ఒడిలో నాలుగు కిలోమీటర్ల స్వర్గం. ఒక్క తారు చుక్క మైలపరచని అచ్చమైన కంకర. దయచేసి దీన్ని ఇలాగే ఉండనివ్వండి.' రాత్రికి రెండు వేల మంది మెచ్చుకున్నారు. పిల్లలకు పదిహేనేళ్లు న్యూటన్ సూత్రాలు చెప్పినా ఒక్కరూ మెచ్చుకోని మనిషి. పాపం, ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం నుంచి హైదరాబాదు, బెంగుళూరు కార్లు రావడం మొదలైంది. నెత్తిన సైకిళ్లు కట్టుకొని వచ్చి, పెద్దరోడ్డు మీద కారు ఆపి, సైకిలు దించి, కంకరలో పడి లేచి, పరమానందంగా తిరిగి వెళ్లేవారు. ఒకాయన తుమ్మకంపలో పడి, ఒళ్లంతా ముళ్లతో, ఇంత సహజమైన అనుభవం జీవితంలో ఎరగనని యల్లయ్యకు దండం పెట్టాడు. యల్లయ్య ముళ్లు పీకుతూ, "యా ఊరు సామీ మీది? ఇంట్లోవాళ్లతో ఏమన్నా గొడవా?" అని జాలిగా అడిగాడు. పుల్లమ్మ చక్కెర వేయని టీ అడిగిన వాళ్లకు కూడా రెండు చెంచాలు వేసే ఇచ్చింది. చూసినవాళ్లు ఇంట్లో చక్కెర లేదనుకుంటారని ఆమె భయం.

మే నెలలో ఒక సోమవారం పుల్లమ్మ కూతుర్ని వెంటబెట్టుకొని అర్జీ ఇవ్వబోయింది. కొత్తగా వచ్చిన అధికారి అర్జీ పక్కన పెట్టి, తన ఫోను తిప్పి చూపించాడు.

"ఇది రాసింది మీ తమ్ముడే కదమ్మా? హైదరాబాదు నుంచి కార్లేసుకొని వచ్చి మరీ మీ రోడ్డు తొక్కుతున్నారు. మీరు ఊళ్లోనే ఉండి బస్సు కావాలంటారేమిటి? మీ అమ్మాయికి సైకిలు కొనివ్వండి. ఆరోగ్యం."

ఫైలు మీద 'సదరు మార్గమును సహజ కంకర మార్గముగా గుర్తించి యథాతథముగా పరిరక్షించవలెను' అని రాసి, ఆరేళ్ల తారు ప్రతిపాదనను ఆరు నిమిషాల్లో మూసేశారు.

ఆ సాయంత్రం మోహన్‌కృష్ణ అక్క ఇంటికి వచ్చాడు. ప్రసన్న మంచినీళ్లిచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, నువ్వు రాసింది నాలుగుసార్లు చదివినా. బాగా రాసినావు. నేను ఆరేండ్లు రాసింది ఎవురూ చదవలేదు, నువ్వు ఒక్క పూట రాసింది అందరూ చదివినారు," అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. మాస్టారికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్రాయశ్చిత్తంగా ఆయన తన రాతను సవరించాడు. 'దుమ్ము విపరీతం, రాళ్లు ప్రమాదకరం, మనుషులు తిరగదగిన దారి కాదు' అని చేర్చాడు. ఆ వారం రెట్టింపు మంది వచ్చారు.

జనం పెరిగేసరికి ప్రభుత్వం మేల్కొంది. జూన్‌లో గ్రావెల్ ఉత్సవం జరపాలనీ, రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చి జెండా ఊపాలనీ నిర్ణయమైంది. సన్నాహక సమావేశంలో అధికారులు పెద్దరోడ్డు పక్కనే సభాస్థలి అన్నారు. పుల్లమ్మ లేచి నిలబడింది.

"సభ మా బడికాడ పెట్టండి సారూ. అంత పెద్దాయన వచ్చి రోడ్డు పక్కన నిలబడి పోతే మా ఊరి మర్యాద ఏం గావాల? నాటుకోడి, రాగిసంకటి, వచ్చినోళ్లందరికీ ఇంటింటి నుంచీ వొండిపెడతాం."

నాటుకోడి అన్న మాటకు సమావేశం ఏకగ్రీవంగా ఆమోదం తెలిపింది. బయటికి వచ్చాక మోహన్‌కృష్ణ అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, బడి దాకా కారు రాలేదు గదా! ఆ మాటన్నా చెప్పకపోతివి?"

"నేనెందుకు చెప్పాల? వాళ్లే వచ్చి చూసుకుంటారు. నువ్వు పోయి సైకిలు తుడుచుకోపో."

చూసుకున్నారు. బందోబస్తు కార్ల రిహార్సల్‌లో మొదటి కారు అడుగుభాగం మూడో మలుపులో ఊడి రాళ్ల మధ్య ఉండిపోయింది. పైగా పెద్దాయనకు నడుములో డిస్కు జరిగి ఉందట, కుదుపు పనికిరాదట. ఇంకేముంది, జేసీబీలు దిగాయి, రోలర్లు దిగాయి. 'గ్రావెల్ ఉత్సవ నిర్వహణకు ఆటంకముగా ఉన్న గ్రావెల్‌ను యుద్ధప్రాతిపదికన తొలగించి' అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. తొమ్మిది రోజుల్లో నాలుగు కిలోమీటర్లూ తారు పడింది. నున్నటి తారు, మధ్యలో తెల్లగీత కూడా. ఊళ్లో ముసలివాళ్లు చెప్పులు చేత్తో పట్టుకొని దాని మీద నడిచి చూశారు. యల్లయ్య గొర్రెలు మాత్రం ఆ తెల్లగీత దాటడానికి మొరాయించాయి.

ఉత్సవం ఘనంగా జరిగింది. పెద్దాయన కుదుపు లేకుండా వచ్చి, మైకు పట్టుకొని గద్గద స్వరంతో ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! ఈ కంకర మన వారసత్వం! మన పూర్వీకులు నడిచిన కంకర! ఈ కంకరలో ఒక్క రాయిని ముట్టుకోవాలన్నా ముందు నన్ను దాటుకొని పోవాలి!"

చప్పట్లు మారుమోగాయి. నూట ఇరవై మంది సైకిలు వీరులు లావు టైర్లతో తారు మీద నాలుగు కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చి, నాటుకోడి తిని, కంకర చాలా మృదువుగా ఉందని ఫోన్లలో ఐదు చుక్కలు ఇచ్చి పోయారు.

తారు పడింది కాబట్టి ఆర్టీసీవారు మాట తప్పడానికి వీల్లేకపోయింది. జూన్ ఇరవై ఎనిమిదిన కొమ్మలమిట్టకు బస్సు వచ్చింది. ప్రసన్న కిటికీ పక్కన కూర్చొని కంభం పోయి ఎంపీసీలో చేరింది. యల్లయ్య గొర్రెలను వదిలేసి బస్టాపు దాకా వచ్చి, కండక్టరుకు పదిసార్లు అప్పగింతలు పెట్టాడు. మోహన్‌కృష్ణకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

కళ్లు తుడుచుకున్నాక ఆయనకు వచ్చిన మొదటి ఆలోచన, ఇక ఆదివారాలు ఎక్కడ తొక్కాలి అన్నది.

దైవం దయామయుడు. కొమ్మలమిట్టకు అవతల దొరువుపల్లె ఉంది. అక్కడ ఇదే కాంట్రాక్టరు, ఇదే కంకర, ఆరు కిలోమీటర్లు. మోహన్‌కృష్ణ ఫోటోలు తీసి, 'కొమ్మలమిట్టలో కోల్పోయింది దొరువుపల్లెలో దొరికింది' అని రాశాడు. ఆగస్టు రైడ్ ప్రకటించాడు. పేర్లు వరదలా వచ్చాయి.

జూలైలో ఒక సాయంత్రం దొరువుపల్లె రైతు సుబ్బన్న గిద్దలూరు వచ్చి మాస్టారి తలుపు తట్టాడు. చేతిలో అర్జీ. రాసి ఇచ్చింది ప్రసన్నే.

"మా పిల్ల కూడా పది పాసయి ఇంట్లోనే ఉంది సారూ. అధికార్లు మీ మాటే ఇంటారంట. ఇది మనుషులు తిరిగే దావ గాదని మీరొక్క సంతకం పెడితే మాకూ తారు పడతాది."

మోహన్‌కృష్ణ అర్జీ పూర్తిగా చదివాడు. ప్రతి అక్షరం నిజం. జేబులోంచి పెన్ను తీశాడు, మూత తీశాడు, అర్జీని బల్లమీద సరిచేసుకున్నాడు. చివరికి మూత పెట్టేశాడు.

"పెడతా సుబ్బన్నా, పెట్టకుండా ఎట్ల? ఆగస్టు పోనీ. రైడ్ ఒక్కటి అయిపోనీ."

సుబ్బన్న తల ఊపి, అర్జీ మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, కొమ్మలమిట్టలో బస్సు దిగి, ఆరు కిలోమీటర్ల కంకర దారి నడిచి ఇంటికి పోయాడు. ఆ చోట మనలాంటి వాళ్లం ఉంటే వెంటనే సంతకం పెట్టేవాళ్లమని మనందరికీ గట్టి నమ్మకం. దొరువుపల్లె అర్జీ మీద సంతకాల కోసం ఇప్పటికీ స్థలం ఖాళీగానే ఉంది. ఆగస్టు రైడ్‌లో మాత్రం ఒక్క ఖాళీ కూడా లేదు, దయచేసి మీరు ఇక ఫోన్లు చేయవద్దు.