నీడ లేని నిమ్మకాయ

మాసయ్య ఆ పొద్దున అనుకున్నది చిన్న పని. ఎండ ఏటవాలుగా అరుగు మీద పడగానే నల్లబట్ట పరచి, దాని మీద నిమ్మకాయ, కోడిగుడ్డు, చిన్న ముంత పెట్టి, చూసి గీయాలి. పొద్దు పైకెక్కేలోగా ముగించాలి.

నాగర్‌కర్నూల్‌లో బోర్డులు రాసే డేవిడ్ చెప్పిన మొదటి పాఠం అది. "మొదలు గుండ్రటియి గియ్యి పెద్దయ్యా. చేయి కుదిరినంక మనిషి మొకం చూద్దం." మాసయ్యకు కావలసింది ఒక్క ముఖమే. భార్య జోగులమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమెకున్న ఫొటో ఓటరు కార్డులోనిది ఒక్కటే. అది ఆమేనని ప్రభుత్వం తప్ప ఇంకెవరూ నమ్మరు. సంవత్సరీకం నాటికి గోడకు ఆమె బొమ్మ ఉండాలని ఆయన పట్టు.

పెన్సిలు చెక్కుకొని బయటికి వచ్చేసరికి పక్కింటి రుక్కమ్మ పేడనీళ్ల బకెట్టుతో అరుగు ముందు నిలబడి ఉంది.

"గిదేంది మాసన్నా?"

"ముట్టకు. జరిగితే అంత ఖరాబైతది."

"ఏం ఖరాబైతది?"

"మల్ల మొదటికొస్తది. గివి కుదిరినంకనే మనిషి."

మాసయ్యకు ఒకరికి వివరం చెప్పే అలవాటు లేదు. రుక్కమ్మ బర్రె నిన్నటి నుంచి పాలు చేపడం లేదు. నల్లబట్ట, నిమ్మకాయ, గుడ్డు, ఇప్పుడేమో మనిషి. ఇది చేతబడేనని ఆమె బకెట్టు అక్కడే వదిలి పోయింది. పీడ పోయిందనుకొని ఆయన గీయడానికి కూర్చున్నాడు.

రుక్కమ్మ వాడ దాటేసరికి బర్రెకు ఊరి పెద్దమనిషి వెంకటన్న మనుమడి జ్వరం తోడైంది. చాయ్ హోటల్ దగ్గర రాఘవేందర్ బోరు కూడా వచ్చి చేరింది. ఆ బోరు ఎండింది నిరుడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కాసేపటికి తెలకపల్లి ఊళ్లో సగం మంది అరుగు ముందున్నారు. వెంకటన్న కట్టె ఊతంగా నిలబడి అడిగాడు.

"మాసయ్యా, ఏం చేస్తున్నవో నిజం చెప్పు."

"బొమ్మలు గీసుడు నేర్చుకుంటున్న."

"ఈ వయసులనా?"

"సచ్చినంక నేర్పేటోళ్లుంటే చెప్పు, ఆగుత."

"అయితే గీసింది చూపియ్యి."

చూపించాడు. కాగితం మీద కింద బట్ట ఉంది, పైన నిమ్మకాయ ఉంది. రెండింటికీ పొత్తు లేదు.

"సూడుండ్రి," అంది రుక్కమ్మ. "గాల్లకు లేస్తుంది."

జనం వెనక్కి జరిగారు.

"గీ సామాన్లు ఇప్పుడే వాగుల పారెయ్యి," అన్నాడు వెంకటన్న. "ఇంకోపారి కనబడితే నిన్ను ఊర్లె ఉండనియ్యం."

మాసయ్య కాగితం తిప్పి చూసుకున్నాడు. నిజమే, తేలుతోంది. డేవిడ్ నీడ గురించి ఏదో చెప్పాడు. లేని వస్తువుకు పెన్సిలు అరగదీయడం ఎందుకని ఈయన పట్టించుకోలేదు. ఇప్పుడు బొగ్గుముక్క తీసి, ఎండ తగలని పక్క నిమ్మకాయ కింద రాసి, వేలితో మెల్లగా రుద్దాడు. నిమ్మకాయ దిగివచ్చి బట్ట మీద కూర్చుంది.

వెంకటన్న వంగి చూశాడు.

"కూసున్నది," అన్నాడు. "గుడ్డును గూడ కూసోబెట్టు."

కూర్చోబెట్టాడు. ముంతనూ కూర్చోబెట్టాడు. జనానికి ధైర్యం వచ్చింది. రాఘవేందరైతే తన బోరులో నీళ్లు గీయమన్నాడు.

అందరూ పోయినా రుక్కమ్మ పోలేదు.

"గిదంత ఎవరి కోసం?"

"జోగులమ్మ."

రుక్కమ్మ కొంగు సర్దుకొని అరుగు అంచున కూర్చుంది. "ఎడమ కనుబొమ్మ తెగి ఉండె. చిన్నప్పుడు కొడవలి తాకిందంట. ఎరికేనా?"

మాసయ్యకు ఎరుక లేదు. అన్నేండ్లు కాపురం చేసినవాడు కనుబొమ్మ దాకా చూడలేదు. ఈ మనిషి ఊరిని ఎగదోయకపోతే నీడ వచ్చేది కాదు, కనుబొమ్మ తెలిసేది కాదు. మేలు చేసినవాళ్లకు ఏమనాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"చాయ్ తాగిపో," అన్నాడు.

జోగులమ్మ పోయాక ఆ ఇంట్లో రెండో గ్లాసు కడిగింది ఆ రోజే. రుక్కమ్మ తర్వాత కూడా వస్తూనే ఉంది. ఒకనాడు ముక్కు చెప్పింది, ఒకనాడు గడ్డం చెప్పింది. ఆయన చెరిపాడు, గీశాడు.

సంవత్సరీకం నాడు బొమ్మ గోడకెక్కింది. రుక్కమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"జోగులమ్మనే. గింత కోపమెందుకు పెట్టినవ్ అన్నా?"

"నా దిక్కు చూస్తే గట్లనే ఉండేది."

పోలిక కుదిరిందని ఊరంతా ఒప్పుకుంది.