అందరికీ వెనక సీటే కావాలి

ఆ ఉదయం ఎలాదియో వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు దోన్యా ఒబ్దూలియాను పన్నెండు సీట్ల విమానం ఎక్కించి, తానూ ఎక్కి, పదకొండింటికల్లా దీవిలో దిగడం. అక్కడ ఆమె చిన్న కూతురి కొడుక్కి జ్ఞానస్నానం. ఒబ్దూలియాయే జ్ఞానతల్లి. పాదిరిగారు ఆ దీవికి మూడు నెలలకొకసారి వస్తారు, మధ్యాహ్నం పడవలో వెళ్లిపోతారు. తాను వేళకు అందకపోతే బిడ్డను వియ్యపురాలు ఎత్తుకుంటుంది. ఆ ఊహకే ఒబ్దూలియాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఆమె పుట్టి బుద్ధెరిగాక విమానం ఎక్కలేదు.

"దేవుడు నన్ను నడవమన్నాడు, ఎగరమనలేదు. నేను రానంటే రాను," అంటూ ఆమె మొక్కజొన్న పిండితో వండిన తమాలేల కుండను ఒళ్లో పెట్టుకుని రన్‌వే పక్క రేకుల షెడ్డులో బెంచీకి అతుక్కుపోయింది.

ఎలాదియో జేబులోంచి ఫోను తీశాడు. కిందటి వేసవిలో విదేశీయులెవరో ఒక పాత విమానాన్ని పనిగట్టుకుని ఎడారిలో కూల్చి చూశారు. అందులో మనుషులకు బదులు కూర్చోబెట్టిన బొమ్మలకు బెల్టులు బిగించింది ఇతనే. రెండు రోజుల కూలిపని. ఆనాటి నుంచి తననూ శాస్త్రవేత్తల్లో కలుపుకున్నాడు.

"చూడండత్తయ్యా. ముందు వరుస బొమ్మలు నుజ్జునుజ్జు. వెనక వరుసలో వీణ్ణి చూడండి, చొక్కా గుండీ కూడా ఊడలేదు. మిమ్మల్ని వెనకే కూర్చోబెడతాగా!"

ఒబ్దూలియా ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఈ చొక్కా నా కూతురు నీ పుట్టినరోజుకి కొన్నది కాదూ?"

"వాళ్లు పాత బట్టలు అడిగారత్తయ్యా..."

"సరే పద. గుండీ ఊడలేదన్నావుగా," అని ఆమె లేచింది. ఎలాదియో గండం గడిచిందనుకున్నాడు. కానీ షెడ్డులో ఉన్న తక్కిన ఏడుగురికీ చెవులున్నాయి. ఫోను చేతులు మారుతూ షెడ్డంతా తిరిగి వచ్చింది.

ఆ విమానంలో సీట్లకు నంబర్లుండవు. గుమాస్తా ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టి, బరువు గట్టిగా చదివి, కాగితం మీద రాసుకుంటాడు, అంతే.

"తొంభై నాలుగు!"

"కుండతో కలిపి అని కూడా అరిచి చెప్పు," అంది ఒబ్దూలియా.

తలుపు తీయగానే రోజూ ఒకరికొకరు దారిచ్చుకునే పెద్దమనుషులంతా మోచేతులతో పొడుచుకుంటూ తోకవైపు దూసుకుపోయారు. వెనక ఆరు సీట్లలో తొమ్మిదిమంది ఇరుక్కున్నారు. తోక నేలకు ఆనింది, ముక్కు ఆకాశంలోకి లేచింది. కాప్టెన్ రోసెండా కాఫీ గ్లాసుతో వచ్చి నివ్వెరపోయింది.

"ఏంటిది, నేను లేకుండానే ఎగిరిపోదామనా? బరువంతా వెనకుంటే లేవగానే కూలబడతాం. సగంమంది ముందుకు రండి. పదింటికి గాలి లేస్తుంది, ఆపైన ఇవాళ్టికి విమానం లేనట్టే."

ఒక్కరూ కదల్లేదు. "ముందు కూర్చుంటే నుజ్జే అంట కాప్టెన్," అన్నాడు చేపల వ్యాపారి దోన్ పోర్ఫిరియో. "ఆ శాస్త్రవేత్తగారు ఫోటో చూపించారు."

గడియారం పావు తక్కువ పది చూపిస్తోంది. గత్యంతరం లేక ఎలాదియో మొదటిసారి నిజం చెప్పాడు. "అంటే... ఆ విమానాన్ని ముక్కు ముందు తగిలేలా కూల్చారండీ. అందుకే ముందువాళ్లు పోయారు. తోక ముందు తగిలితే వెనకవాళ్లే పోతారు."

అతని మాట పూర్తయిందో లేదో అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ ముందుకు ఉరికారు. ముక్కు దబ్బున దిగింది. కాప్టెన్ చేతిలో కాఫీ ఒలికింది.

"మధ్య అనేది కూడా ఒకటుంటుంది, నాయనలారా!" అని ఆమె తల పట్టుకుంది.

అప్పుడు లేచింది ఒబ్దూలియా. "నీకేమీ తెలీదని ముందే చెప్పుంటే ఈపాటికి నా మనవడి దగ్గరుండేదాన్ని కదయ్యా అల్లుడూ!" అంటూ తలుపు దగ్గరున్న గుమాస్తా చేతిలోంచి కాగితం లాక్కుంది. "తొంభై రెండెవరు? నువ్వేనా పోర్ఫిరియో? ఇటు, కిటికీ పక్కకి. అరవై ఒకటి, నువ్వు వెనక్కి. సణుగుడొద్దు!" పెళ్లి విందులో చుట్టాలను సర్దినట్టు అందరినీ సర్దేసింది. చివరికి కాగితం మీద తొంభై నాలుగు మిగిలింది.

"అది నేనే," అని ఆమె తిన్నగా వెళ్లి కాప్టెన్ పక్క సీట్లో కూర్చుంది.

"అత్తయ్యా! అక్కడ మరీ ముందు..."

"పడితే ఎక్కడ పడుతున్నానో చూసుకుంటూ పడతాను. నా బిడ్డ ఎదురుచూస్తోంది. పోనీ తల్లీ!"

అందరిలోకీ తేలికైనవాడు ఎలాదియో, యాభై ఎనిమిది. తోకలో చివరి సీటు అతనికే దక్కింది. బెల్టు మూడుసార్లు బిగించుకుని, దారి పొడుగునా కళ్లు మూసుకుని, తాను కూర్చోబెట్టిన బొమ్మకంటే బిగుసుకుపోయి కూర్చున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి చర్చి గుమ్మంలో వియ్యపురాలు బిడ్డను ఎత్తుకునే ఉంది. ఒబ్దూలియా ఆమె చేతుల్లో కుండ పెట్టి బిడ్డను తీసుకుంది. వాడి నుదురు ముద్దాడి భోరున ఏడ్చేసింది.

"భయమెయ్యలేదా వదినా? ఇంతకీ ఏ సీటు మంచిదంటావు?" అని వియ్యపురాలు అడిగింది.

"ఏదైనా మంచిదే," అంది ఒబ్దూలియా కళ్లు తుడుచుకుంటూ. "మా అల్లుడు నోరు మూసుకుంటే."

ఎలాదియో మర్నాడు పడవలో తిరిగొచ్చాడు. ఎక్కడ కూర్చుంటే మంచిదని ఎవరో అడిగితే, తనకు ఈత రాదని మాత్రం చెప్పాడు.